దారం తెగగానే టెన్షన్ నాబ్ ముట్టుకోకండి

(టెక్సాస్‌లో డాలస్ దగ్గరి ఒక లైబ్రరీ హాల్లో, మెషీన్ మీద క్విల్టింగ్, అంటే రెండు గుడ్డల మధ్య దూది పొర పెట్టి కలిపి కుట్టడం, నేర్చుకుంటున్న తెలుగు ఆడవాళ్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, మైకు పక్కన పెట్టేస్తాను. మెషీన్ల మోతలో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు ఎలాగూ పెద్దదైపోయింది.

ముందు ఈ అట్టముక్క చూసి పక్కవాళ్లకి అందించండి. దీని మీద నాలుగు తెగిన దారపు కొసలు అంటించాను. నాలుగూ నా మెషీన్ మీద తెగినవే. దాంతోపాటు భూతద్దం కూడా పంపుతున్నాను, చత్వారం వచ్చినవాళ్లం ఇక్కడ తక్కువేం లేం కదా! (నవ్వులు) మొదటి కొస చూడండి, ఒక్కచోట పటుక్కున తెగింది. పక్కన నూగు లేదు. రెండోది పాత టూత్‌బ్రష్ లాగా చీలిపోయింది. ఇంకో అంగుళం పైకి చూస్తే అక్కడ కూడా పోగులు రేగి ఉన్నాయి. మూడోది పాలిస్టర్ దారం, దాని చివర కంటికి ఆనీ ఆననంత చిన్న పూస ఉంది, గోటితో తడిమితే గట్టిగా తగులుతుంది. నాలుగోది స్ప్రింగులా మెలికలు తిరిగిపోయి ఉంది.

దారం తెగగానే మనం ఏం చేస్తాం? ఆ కొస తుంచి కింద పడేస్తాం, దారం బిగువుని పెంచి తగ్గించే టెన్షన్ నాబ్ మీద చెయ్యి వేస్తాం. నాలుగు ఉన్నదాన్ని మూడు చేస్తాం. ఇంకో అడుగు కుట్టాక మళ్లీ తెగుతుంది. రెండు చేస్తాం. కాసేపటికి అసలు టెన్షన్ ఎంత ఉండేదో మనకే గుర్తుండదు. ఇప్పుడు తప్పులు రెండు, మొదట ఉన్నదొకటీ, మనం చేసిందొకటీ. అందుకని ఇవాళ నాబ్ గురించి చిట్టచివర చెబుతాను. అప్పటిదాకా ఎవరూ అడగొద్దు.

నేను మంగళగిరి పిల్లని. మా తాతయ్య ఇంట్లో గుంట మగ్గం ఉండేది. మంగళగిరి చీరకి 80 కౌంట్ నూలు. వెంకటగిరి వాళ్లు 100 కౌంట్ నేస్తారని చెప్పి, "అది ఊపిరి తగిలినా తెగుతుందే" అనేవాడు. కౌంట్ అంటే ఏమిటో నాకు బళ్లో కాదు, ఆ గుంట పక్కన కూర్చుంటేనే తెలిసింది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని తూగితే అంత కౌంట్. 80 చిలపలు తూగితే 80 కౌంట్, 100 తూగితే 100. చిలపలు ఎక్కువ తూగాయంటే నూలు అంత సన్నమన్నమాట. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఇది గుర్తుంటే ఇక్కడి దారాల కొట్లో సగం తికమక తీరిపోతుంది.

ఇక్కడ రీలు మీద "వెయిట్" అని రాసి 50, 40, 28, 12 అని అంకెలు వేస్తారు. వెయిట్ అన్నారు కదా, 50 అంటే బరువైనది, లావుది అనుకుని కొనేవాళ్లని చూశాను. తిరగేసి చదువుకోవాలి. 50 వెయిట్ అంటే 50 కిలోమీటర్ల దారం కలిపితే కిలో తూగుతుందని. 12 వెయిట్ అయితే 12 కిలోమీటర్లకే కిలో, అంటే లావు. అంతా సవ్యంగా ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ కాటన్ దారం మీద చాలామంది తయారీదారులు కౌంట్ లెక్కే రాస్తారు, 50/2, 50/3 అని. 50/3 అంటే 50 కౌంట్ పోగులు మూడు కలిపి పురి పెట్టారని, 50/2 అంటే రెండేనని. రెండింటి మీదా 50 అనే కనిపిస్తుంది. కుట్టి చూస్తే మూడు పోగులది స్పష్టంగా లావు. ఇటలీ నుంచి వచ్చే ఆరిఫిల్ వాళ్ల నారింజరంగు రీలు 50/2. అందుకే అంత సన్నంగా గుడ్డలో కలిసిపోతుంది. ఒక్కోసారి రీలు మీద టెక్స్ అని కూడా ఉంటుంది, అది 1000 మీటర్లు ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది. ఇందులో అంకె పెరిగితే దారం లావవుతుంది. రెండు కంపెనీల దారాలు పోల్చాలంటే నేను టెక్సే చూస్తాను, పోగుల గొడవ ఉండదు.

సరే, కొనేటప్పుడు మరి ఏది తీసుకోవాలి? నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ దారం కనపడాలా, దాక్కోవాలా? చేత్తో క్విల్ట్ కుడితే గుడ్డ మీద చిన్న చిన్న గీతలు మాత్రం కనిపిస్తాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంత గుర్తుందా, చీమల బారులాగా ఉండేది కుట్టు. మెషీన్ కుట్టుకి ఆ ఖాళీ లేదు. గీత గీసినట్టు ఏకధారగా పోతుంది. అందుకే ఈ దేశంలో చాలాకాలం మెషీన్ మీద చేసింది క్విల్టే కాదన్నవాళ్లు ఉండేవారు. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడుకా ఊళ్లో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మెషీన్ మీద కుట్టిన క్విల్టుకి మొదటిసారి పెద్ద బహుమతి ఇచ్చారు. సూర్యగ్రహణం బొమ్మ అది. ఆ తర్వాత మెషీన్ కుట్టుని దాచుకోవాల్సిన అవసరం పోయింది. దారం తనే బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

దాక్కోవాలంటే సన్నది తీసుకోండి, 50/2 కాటన్. పువ్వుల ప్రింటు గుడ్డ మీద 100 వెయిట్ పట్టు దారంతో కుట్టారంటే దారం మాయమైపోయి గుంటలు మాత్రమే మిగులుతాయి, చెక్కినట్టు ఉంటుంది. కనపడాలంటే 40, ఇంకా కావాలంటే 28. 12 వెయిట్ జోలికి మాత్రం మొదటి క్విల్టులోనే పోకండి. అది అందంగానే ఉంటుంది, కానీ ఏ చిన్న వంకరా దాచుకోదు. మీ గీత ఎలా ఉందో అలా ఊరంతా చాటుతుంది.

కాటనా, పాలిస్టరా అన్నది ఇక్కడ అత్తాకోడళ్ల తగాదా లాంటిది. పాలిస్టర్ దారం కాటన్ గుడ్డని కోసేస్తుందని చెప్పేవాళ్లు మీకు తప్పక తగులుతారు. నేను పదిహేనేళ్లుగా రెండూ వాడుతున్నాను. వారానికోసారి వాషింగ్ మెషీన్లో పడే పిల్లల క్విల్టులు పాలిస్టర్‌తో కుట్టినవి నా దగ్గరే ఉన్నాయి. చిరిగిన చోట గుడ్డ అరిగి చిరిగింది, దారం వల్ల కోసుకుపోయింది ఒక్కటీ లేదు. నేను కాటన్‌వైపే మొగ్గుతాను, ఎందుకంటే దాని మెరుపు తక్కువ, ఉతికేకొద్దీ గుడ్డతోపాటు మెత్తబడుతుంది. పాలిస్టర్‌లో నూగు తక్కువ, బలం ఎక్కువ, మెరుపు కావాలంటే అదే మంచిది. ఎవరిష్టం వాళ్లది.

నూగు మాటొచ్చింది కాబట్టి ఒక్క నిమిషం శ్రీకాకుళం వెళ్లొద్దాం. పొందూరు ఖద్దరు వాళ్లు దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి దువ్వెనలాంటి సన్నటి పళ్లుంటాయి. దువ్వితే పొట్టి పీచు, చెత్త పోయి పీచు వరసకి వస్తుంది. అంత సన్నటి నూలు వడకగలగడానికి అది ఒక కారణం. కొట్లో దారం మీద "లాంగ్ స్టేపుల్", "కోంబ్డ్" అని రాసేది ఇదే సంగతి. పొడుగు పీచు దూదిని తీసుకున్నాం, పొట్టి పీచుని దువ్వి తీసేశాం అని. చౌక దారంలో ఆ పొట్టి పీచు అలాగే ఉంటుంది. కుట్టేటప్పుడు అది రాలి, మెషీన్లో కింది దారం చుట్టి ఉండే బాబిన్ కింద బూజులా పేరుకుంటుంది. ఇక మెర్సరైజ్డ్ అంటే దారాన్ని బిగలాగి కాస్టిక్ సోడాలో ముంచి తీసినది. మెరుపు వస్తుంది, బలం వస్తుంది, రంగు బాగా పడుతుంది. జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషాయన పేరు మీద వచ్చిన మాట.

కొనకూడనివి కూడా చెప్పేస్తాను. చేత్తో క్విల్ట్ చేసేవాళ్ల కోసం "గ్లేజ్డ్" దారం అమ్ముతారు. వేలితో తడిమితే గంజి పెట్టినట్టు గట్టిగా ఉంటుంది. మెషీన్లో వేయకండి. ఆ పూత గీసుకుపోయి, దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్లల మధ్య మురికిలా పడుతుంది. నైలాన్ కనపడని దారం ఇస్త్రీ వేడికి ఓర్చుకోదు, కాలం గడిస్తే పసుపుపచ్చగా మారుతుంది. కనపడని దారమే కావాలంటే పాలిస్టర్‌ది తీసుకోండి. అమ్మగారి కుట్టుపెట్టెలో దొరికిన పాత రీళ్లు దాచుకోండి, మురిపెంగా చూసుకోండి, కుట్టకండి. ఒక మూర లాగి రెండు చేతులతో పుటుక్కుమనిపించండి. చప్పుడు కూడా రాకుండా తెగిందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే.

రంగు రీలుని చూసి ఎంచుకోవద్దు. రీలు మీద వందల చుట్లు కలిసి ముదురుగా కనిపిస్తాయి. ఒక మూర దారం విప్పి గుడ్డ మీద వదులుగా పరిచి, రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. నానా రంగుల ముక్కలున్న క్విల్టుకి ఏ దారం వేయాలో తోచకపోతే లేత బూడిదరంగు పరిచి చూడండి. తెలుపు కన్నా అది ఎక్కువ రంగుల్లో కలిసిపోతుంది, మొదటిసారి చూసినప్పుడు నేను కూడా నమ్మలేదు.

*(ముందు వరసలో నుంచి: అక్కా, పైన ఒక రంగు, కింద బాబిన్లో ఒక రంగు వేయొచ్చా?)*

వేయొచ్చమ్మా, కానీ పైన నలుపు, కింద తెలుపు వేసి "చుక్కలు వస్తున్నాయి" అని నా దగ్గరికి రావొద్దు. (నవ్వులు) రెండు దారాలు ముడిపడేది గుడ్డల మధ్య దూదిలో. మన దూది పొర మందం ఎంత, మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఆ ముడి రవ్వంత పైకొచ్చినా తెల్లచుక్క కనిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో పైనా కిందా ఒకే రంగు, కుదిరితే ఒకే దారం వేసుకోండి.

ఇప్పుడు ఆ అట్టముక్క మీదికి వద్దాం. ఎవరి దగ్గర ఉంది? ఆ, అక్కడే ఉండనివ్వండి వదినగారూ.

రెండో కొస, టూత్‌బ్రష్‌లా ఉన్నది. అది సూది పని. ఎందుకో తెలియాలంటే మెషీన్ కుట్టు ఎలా పడుతుందో ఒక్కసారి మనసులో బొమ్మ వేసుకోవాలి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంట్ తీసుకున్న మెషీన్లో ఉన్న కిటుకే ఇప్పటికీ ఉంది: సూది కన్ను కొస దగ్గర ఉంటుంది, కింద నాడె, అదే షటిల్, ఉంటుంది. మగ్గంలో నాడెలో కండె పెడతాం కదా, ఇక్కడ బాబినే కండె. సూది కిందికి దిగి, పైకి లేవబోతూ దారాన్ని చిన్న ఉచ్చులా వదులుతుంది. కొక్కెం ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ మొత్తం చుట్టూ తిప్పుతుంది. బాబిన్ చుట్టూ తిరగడానికి ఎంత దారం కావాలి? కొన్ని అంగుళాలు. కుట్టుకి ఖర్చయ్యేది ఎంత? కొన్ని మిల్లీమీటర్లు. మిగతాదంతా మళ్లీ సూది కన్నులోంచి పైకి వెనక్కి వెళ్లిపోతుంది. తర్వాతి కుట్టుకి మళ్లీ కిందికి. అంటే గుడ్డలో కుదురుకునే లోపు అదే అంగుళం దారం ఆ సన్నటి కన్నులో పదులసార్లు పైకీ కిందికీ తిరుగుతుంది. కన్ను ఇరుకైతే ఏమవుతుంది? మన గేటు సందులోంచి గేదెని లాగినట్టే.

కాబట్టి దారం మార్చారంటే సూది మార్చాలి. మన ఊళ్లో దర్జీలు 14 నంబరు, 16 నంబరు అంటారు, ఇక్కడ అదే ప్యాకెట్ మీద 90/14, 100/16 అని ఉంటుంది. 90 అంటే సూది ఒంటి మందం 0.90 మిల్లీమీటర్లు. 50/2 దారానికి 80/12 సరిపోతుంది. 40 వెయిట్‌కి 90/14. 28 లాంటి లావు దారాలకి 100/16 టాప్‌స్టిచ్ సూది, దీని కన్ను పెద్దది. పట్టుదారం, కనపడని దారం లాంటి సన్నవాటికి 70/10 చాలు, లేకపోతే గుడ్డలో పెద్ద బెజ్జాలు మిగులుతాయి. ఇవేవీ గుర్తులేకపోతే ఇదిగో, ఇలా చేయండి. సూదిని మెషీన్లోంచి తీసి దారం ఎక్కించి, దారం రెండు కొసలూ పట్టుకుని ఏటవాలుగా బిగించండి. సూది జారుడుబల్ల మీద పిల్లాడిలా తనంతట తాను జర్రున జారాలి. మధ్యలో ఆగిందంటే ఆ సూది ఆ దారానికి కాదు.

సూదిని ఎన్నాళ్లకి మార్చాలని అడుగుతారు. కుట్టే టైమ్ లెక్కలో ఎనిమిది గంటలు అంటారు, నేనూ అటూ ఇటుగా అంతే. "ఇంకా విరగలేదు కదా" అనే లెక్క మాత్రం వద్దు. విరిగేదాకా వాడిన సూది అప్పటికే చాలా దారాన్ని గీరేసి ఉంటుంది. ఇంటి మెషీన్ సూదికి ఒకవైపు చదునుగా ఉంటుంది, సాధారణంగా అది వెనక్కి తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే కుట్లు ఎగరేస్తుంది. ఫ్యాక్టరీ మెషీన్ సూది గుండ్రంగా ఉంటుంది, అది దీనికి పనికిరాదు.

కొత్త సూది వేసినా దారం చీలుతోందంటే సూది దిగే రంధ్రం ఉన్న పళ్లెం వైపు చూడండి. ఫ్రీ మోషన్, అంటే గుడ్డని చేతులతోనే ఎటు కావాలంటే అటు జరుపుతూ కుట్టడం, చేసేటప్పుడు మనం క్విల్టుని ఆదరాబాదరాగా లాగుతాం, సూది వంగి పళ్లేనికి కొట్టుకుంటుంది, ఆ రంధ్రం అంచున చిన్న గరుకు లేస్తుంది. కంటికి కనపడదు. పాత నైలాన్ మేజోడు ముక్కని ఆ రంధ్రం అంచున ఒరిపించండి. పట్టుకుందంటే అక్కడే ఉంది దొంగ. బాగా సన్నటి ఎమెరీ కాగితంతో రెండుసార్లు మెల్లగా రుద్దితే పోతుంది.

మూడో కొస, పూస ఉన్నది. పాలిస్టర్ వేడికి కరిగి ముద్దకట్టింది. ఒత్తుగా నేసిన గుడ్డలో, గట్టి దూదిలో సూది అదేపనిగా వేగంగా దిగి లేస్తుంటే కాలుతుంది. పెడల్ మీది నుంచి కాలు కొంచెం తీయండి, అంతే మందు.

నాలుగోదీ, మొదటిదీ రెండూ రీలు దగ్గరి జబ్బులు. ఇక్కడే నా కథ ఒకటి చెప్పాలి.

మా మనవరాలికి క్విల్ట్ కుడుతున్నాను. ముదురు మెరూన్ దారం, కొత్త రీలు. ఒక అడుగు కుట్టగానే పటుక్కుమంది. ఎక్కించాను. ఈసారి మూడడుగులు బాగా వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ. సూది మార్చాను. బాబిన్ కింద బూజంతా తీశాను. అప్పట్లో నాకూ బుద్ధి లేదు, నాబ్ తిప్పాను. చివరికి మెషీన్ని రిపేరుకి తీసుకెళ్లాను. వాళ్లు కుట్టి చూసి, ఏ లోపమూ లేదని, సర్వీసింగ్ డబ్బులు తీసుకుని పంపించారు. ఇంటికొచ్చి కుడితే మళ్లీ పటుక్కు! వాళ్ల మీద ఒళ్లు మండిపోయింది. తర్వాత తెలిసింది, పాపం వాళ్ల తప్పేం లేదు. వాళ్లు తమ దారంతో కుట్టి చూశారు. నా రీలు ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి మా ఆయన్ని పెడల్ తొక్కమని కూర్చోబెట్టి, టార్చిలైటు పట్టుకుని నేను సూదిని కాకుండా రీలుని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు దొరికింది. ప్లాస్టిక్ రీలు అంచున దారం కొస దోపుకోవడానికి చిన్న గాటు ఉంటుంది చూశారా? రీలు అడ్డంగా పడుకుని ఉంది, ఆ గాటు ఉన్న అంచు దారం బయటికి వచ్చేవైపు ఉంది. చుట్టు విడేటప్పుడు ఎప్పుడో ఒకసారి దారం ఆ గాటులో పడి బిగుసుకునేది. ప్రతిసారీ కాదు, అందుకే పట్టుకోలేకపోయాను. రీలు తిరగేసి గాటుని అవతలి పక్కకి పెట్టాను. తెల్లారేసరికి బోర్డర్ మొత్తం అయిపోయింది. ఆ మొదటి కొస అప్పటిదే, దాచుకున్నాను.

నాలుగో కొస మెలికలు ఎందుకంటే రీలు నిలబెట్టాల్సింది పడుకోబెట్టడం వల్ల. దారం రీలు మీద ఎలా చుట్టుందో చూడండి. ఒకదాని పక్కన ఒకటి బొంగరం తాడులా వరసగా చుట్టి ఉంటే, రీలు నిలబడి గిర్రున తిరుగుతూ దారం వదలాలి. ఏటవాలుగా ఎక్స్ ఆకారంలో అల్లినట్టు చుట్టి ఉంటే, రీలు కదలకుండా దాని చివర మీదుగా దారం వదలాలి. మొదటి రకాన్ని అలా చివర మీదుగా లాగితే ప్రతి చుట్టుకీ ఒక మెలిక కలుస్తుంది. మెలిక పడ్డ దారం సూది కన్ను దగ్గర ముడిపడి తెగుతుంది. పెద్ద కోన్ కొంటే దాన్ని మెషీన్ వెనక ఒక కాఫీ మగ్గులో పెట్టండి. దారం నిట్టనిలువునా పైకి పోయి అక్కడినుంచి మెషీన్లోకి రావాలి, పక్కనున్న షెల్ఫుకో గోడకో ఒక పిన్నీసు గుచ్చి దాని కన్నులోంచి తీసుకురావచ్చు. స్టాండ్ కొనేదాకా నేను ఇలాగే కానిచ్చాను.

*(ఒకరు: కింద అంతా జుట్టు చిక్కులా వస్తోందండీ. బాబిన్ ఎన్నిసార్లు మార్చినా అంతే.)*

బాబిన్‌ని తిట్టకండి, పాపం దానికేం తెలియదు. కింద చిక్కు పడిందంటే తప్పు పైన ఉంది. పై దారం టెన్షన్ బిళ్లల మధ్యలోకి పోలేదు, పట్టుకునేవాడు లేక వదులు వదులుగా కిందికి దిగి అక్కడ పోగుపడుతోంది. దారం ఎక్కించేటప్పుడు గుడ్డని నొక్కిపట్టే ప్రెజర్ ఫుట్ ఎత్తి ఉండాలి. అది ఎత్తినప్పుడే ఆ బిళ్లలు విచ్చుకుంటాయి. ఫుట్ దించి దారం ఎక్కిస్తే బిళ్లల పైనుంచి జారిపోతుంది. ఎక్కించాక ఫుట్ దించి సూది దగ్గర దారాన్ని లాగి చూడండి. బిగువుగా, చేప గాలానికి పడ్డట్టు రావాలి. ఊరికే జరజరా వస్తోందంటే మళ్లీ మొదటినుంచి ఎక్కించండి.

క్విల్ట్ వెనకవైపు వంపుల దగ్గర మాత్రమే కనురెప్ప వెంట్రుకల్లా దారాలు సాగుతున్నాయా? గీత తిన్నగా ఉన్నచోట బాగుండి వంపులో మాత్రమే వస్తే అది మెషీన్ తప్పు కాదు, చేతులది. వంపు రాగానే అందరం తెలియకుండానే చేతులు జోరు చేస్తాం, ఘాట్ రోడ్డులో ఆటో తోలినట్టు. సూది ఇంకా గుడ్డలో ఉండగానే గుడ్డ పక్కకి పోతుంది. వంపులో చేతులు నెమ్మది చేయండి, కాలు మాత్రం అదే వేగంతో తొక్కుతూ ఉండండి. ఇది చెప్పినంత సులువు కాదు. నాకు రెండు బొంతల దూది పట్టింది అలవాటు కావడానికి.

*(మరొకరు: పాత పట్టుచీరలతో చేస్తున్నాను. అంచుల మీదకి రాగానే దారం చీలిపోతోంది.)*

జరీ అంచే కదా? జరీ దారాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. సూది మొన కూడా త్వరగా మొద్దుబారుతుంది. అంచు వరకూ వేరే సూది పెట్టుకోండి, కన్ను పెద్దగా ఉండే టాప్‌స్టిచ్ 90/14. దారం పాలిస్టర్. చాలా మెల్లగా వెళ్లండి. ఒత్తైన కుట్టు వద్దు, అంచుకి అటూ ఇటూ రెండు గీతలు వేసి వదిలేయండి. నన్నడిగితే అంచుని క్విల్ట్ చేయడం కన్నా క్విల్ట్ చుట్టూ అంచుగానే వేయడం మేలు, దాని సొంత ఉద్యోగం అదే కదా. ఇంకో సంగతి, వెనక గుడ్డగా "థ్రెడ్ కౌంట్ 600" అని గొప్పగా రాసిన దుప్పట్లు వేసేవాళ్లున్నారు. ఇది ఇందాకటి కౌంట్ కాదు, చదరపు అంగుళంలో ఎన్ని పోగులున్నాయన్న లెక్క. అది పడుకోవడానికి సుఖం, కుట్టడానికి నరకం. అంత ఒత్తుగా ఉన్న నేతని పొడవలేక సూది కొట్టుకుంటుంది, దారం చీలుతుంది. వెనక గుడ్డ కూడా పైగుడ్డ లాంటి మామూలు కాటనే వేయండి.

సరే, ఇక నాబ్. అడగకుండా ఇంతసేపు ఓర్చుకున్నారు, మెచ్చుకోవాలి.

దారం తీసి మళ్లీ ఎక్కించారు. సూది మార్చారు. బాబిన్ తీసి కుంచెతో బూజు తుడిచారు, నోటితో ఊదలేదు, ఊదితే తేమ వెళుతుంది, బూజు ఇంకా లోపలికి పోతుంది. రీలు చూశారు. అయినా కుట్టు బాగా లేదు. ఇప్పుడు పాత గుడ్డలు, అదే దూది పెట్టి చిన్న చదరం చేసుకోండి. అసలు క్విల్టు మీద ప్రయోగాలు వద్దు. పైన ఒక రంగు, కింద ఒక రంగు దారం వేయండి, ఇందాక వద్దన్నది ఇప్పుడు కావాలి, ఏది ఎటు వస్తోందో తెలియడానికి. కింద దారం చుక్కలు పైన కనిపిస్తే పై బిగువు ఎక్కువైంది, నాబ్ తగ్గించండి. పై దారం వెనకవైపు చుక్కలుగా వస్తే పై బిగువు తక్కువ, పెంచండి. ఒక్కోసారి సగం అంకె, అంతకన్నా వద్దు. తిప్పిన ప్రతిసారీ ఆ గుడ్డ మీదే పెన్నుతో అంకె రాసుకోండి. నా దగ్గర ఇలాంటి చదరాలు ఒక చెప్పుల డబ్బా నిండా ఉన్నాయి. ఏ దారం, ఏ సూది, నాబ్ ఎంత అని వాటి మీదే రాసి ఉంటుంది. కొత్త క్విల్ట్ మొదలుపెట్టేముందు ఆ డబ్బాలో వెతుక్కుంటాను.

లావు దారాలు వేసినప్పుడు నాబ్ ఎంత తగ్గించినా చాలదు, అప్పుడు బాబిన్ కేస్, అంటే బాబిన్ కూర్చునే చిన్న డబ్బీ, దాని స్క్రూ జోలికి పోవాల్సి వస్తుంది. బాబిన్ కేస్ బయటికి వచ్చే మెషీన్లు ఎవరివి? చేతులెత్తండి. మీరు కేస్‌ని దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీయండి. ఊరికే నిలబడాలి. చెయ్యి కొంచెం ఝాడిస్తే ఒక అంగుళమో రెండో జారి మళ్లీ ఆగాలి. నూతిలోకి చేదలా జారిపోతే వదులు, ఝాడించినా కదలకపోతే బిగువు. స్క్రూ తిప్పేముందు దాని గీత ఏవైపు చూస్తోందో ఫోన్లో ఫోటో తీసుకోండి. గడియారం ముల్లు ఐదు నిమిషాలు కదిలినంత తిప్పండి, మళ్లీ వేలాడదీయండి. కింద తెల్లటి పళ్లెమో గుడ్డో పరుచుకోండి, ఆ స్క్రూ ఆవగింజంత ఉంటుంది, ఊడి కార్పెట్లో పడిందంటే మాత్రం ఇక నన్నడగొద్దు.

*(వెనకనుంచి: దారాన్ని ఫ్రిజ్‌లో పెడితే తెగదంటారు, నిజమేనా?)*

మా ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీకే చోటు లేదమ్మా. (నవ్వులు) ఫ్రిజ్ వల్ల ముసలి దారం పడుచుది కాదు. ఎండ తగలకుండా, దుమ్ము పడకుండా ఒక మూత డబ్బాలో పెట్టుకోండి, చాలు.

ఇక ఎవరి మెషీన్ మొరాయిస్తోందో ముందుకి తీసుకురండి, కలిసే చూద్దాం. ఎవరు? రండి, ఇక్కడ పెట్టండి, ప్లగ్ ఆ మూల ఉంది. దారం ఎక్కే ఉందా? సరే. వద్దు వద్దు, నాబ్ మీది నుంచి చెయ్యి తీయండి. ప్రెజర్ ఫుట్ ఎటుంది చూడండి. దించి ఉందా? రీలు గాటు ఎటువైపు ఉంది? బయటికే. సరే, కత్తెర ఇవ్వండి. దారం మొత్తం తీసేద్దాం.